సవరణ కోరుతూ

గుణదల ఆఫీసులో మెట్ల కింద నా బల్ల.
వచ్చిన కాగితం మీద ముద్ర కొట్టడం నా పని,
చదవడం నా పని కాదు.

దరియావలి కాగితాలు మాత్రం చదివేదాన్ని.
అంచుల మీద గ్రీజు వేలిముద్రలు,
గుండ్రటి రాత, ఆటోనగర్ అడ్రసు,
కింద 'మోటార్లు వైండింగు చేయబడును' అన్న రబ్బరు స్టాంపు.
విషయం దగ్గర ఎప్పుడూ ఒకటే:
పారే కాలువలో, కట్ట కట్టకుండా, కరెంటు.

మొదటిసారి ఏఈగారు నవ్వారు.
రెండోసారి డీఈగారు కూర్చోమన్నారు గానీ
అక్కడ కుర్చీ లేదు.
మూడోసారి ఎవరో ట్రైనింగు కుర్రాడు
"బాబాయ్, మా ఏసీ తిరుగుద్దా దీంతో" అన్నాడు.
కాలేజీ నుంచి సర్టిఫికెట్టు తెమ్మన్నారు.
కాలేజీవాళ్లు ఆఫీసు నుంచి లెటరు తెమ్మన్నారు.
ఆ రెంటి మధ్యా తిరిగే సిటీ బస్సుకి మాత్రం
అతనివల్ల ఎంతో కొంత ఆదాయం.

పదకొండు కాగితాలు, పదకొండు ముద్రలు.
కాపీ మీద నంబరు వేసిస్తే
వంద నోటు మడిచినట్టు మడిచి
చొక్కా లోపలి జేబులో పెట్టుకునేవాడు.
అది ఉత్త రసీదేనయ్యా అని
చెప్పాలనిపించేది. చెప్పలేదు.

మాఘమాసంలో ఒక ఆదివారం
చేపల కోసం యనమలకుదురు వెళ్తే
లాకు దిగువన, తొడల్లోతు బందరు కాలువలో, అతను.
లుంగీ ఎగగట్టి, నోట్లో స్క్రూడ్రైవరు.
నీలం డ్రమ్ము కోసిన రెక్కలు,
తూకానికి కొన్న స్కూటరు హబ్బు,
ఎవరింట్లోనో కాలిపోయిన ఫ్యాను తాలూకు రాగి.
చక్రం ఓ క్షణం ఆలోచించి
తిరిగింది.
బోండాల బండికి కట్టిన బల్బు వెలిగింది.
మిట్టమధ్యాహ్నం కదా,
చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాల్సొచ్చింది.

అంతలోకే గుర్రపుడెక్క వచ్చి రెక్కల్లో పడింది.
దాని వెనకే ఏ పెళ్లి మండపం నుంచో
తల విరిగిన థర్మోకోలు హంస.
"ఈ ఊరి నీళ్లల్లో నీళ్లొక్కటే ఉండవు మేడంగారూ"
అంటూ హంసని గట్టు మీద
పడిపోకుండా నిలబెట్టాడు.

కాలువలు కట్టేసే వారంలో మళ్లీ వచ్చాడు.
పన్నెండోది. విషయం దగ్గర కొత్త మాట.

'అయ్యా, లోగడ పదకొండు దరఖాస్తులలో
మూడు వందల వాట్లని రాసియున్నాను.
నా మీటరు తప్పు చూపుచున్నదని
మా మేనల్లుడి కొత్త మీటరుతో చూడగా తెలిసినది.
ముప్పై ఎనిమిది మాత్రమే.
దయచేసి అన్నింటిలోనూ దిద్దించగలరు.'

ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను,
పెంచమనేవాళ్లు: లోడు, గడువు, పరిహారం.
తగ్గించమనేవాళ్లు: బిల్లు.
తన గొప్పను తగ్గించి రాసుకోమని
ఎవరూ క్యూలో నిలబడలేదు.

"ఇదిస్తే ఇంక అసలు చూడరేమో" అన్నాను.
"అది ఉన్నప్పుడు చూశారా?"
వెటకారం లేదు, అడిగాడంతే.
"తప్పు లెక్క మీకాడ పడుంటే నిద్ర పట్టట్లేదమ్మా.
అయినా ముప్పై ఎనిమిదంటే
మూడు బల్బులు, ఒక ఫోను చార్జింగు.
లాకు మీద లస్కరు గదికి సరిపోద్ది."

ముద్ర కొట్టాను.
ఆ సాయంత్రం రికార్డు రూములో
దగ్గుతూ, దుమ్ము దులుపుతూ వెతికాను.
పదకొండులో నాలుగే దొరికాయి,
ఒకదాని వెనక ఎవరివో టీ లెక్కలు.
నాలుగింట్లోనూ మూడు వందలు కొట్టేసి
ఎర్ర సిరాతో ముప్పై ఎనిమిది వేసి
పక్కన నా పొడి సంతకం పెట్టాను.
నాకా అధికారం లేదు.

నిన్న బస్సులోంచి చూశాను.
కాలువ నిండా బురద, పగుళ్లు.
గట్టు మీద చక్రం బోర్లించి ఉంది,
దాని నీడలో కుక్క పడుకుంది.
జూన్‌లో నీళ్లు వదుల్తారట.

దొరకని ఆ ఏడు కాగితాల్లో
ఇంకా మూడు వందల వాట్లూ వెలుగుతూనే ఉంటాయి,
ఏ బీరువా చీకట్లోనో.